కాగితం ఖర్చు ఎవరిది?

రమజాన్ నెలవంక కనిపించగానే ఉప్పల్, నాచారం బస్తీల్లో ఒక మంచి సందడి మొదలవుతుంది. మసీదు వరండాల్లో బియ్యం, పప్పు, నూనె, ఖర్జూరాల సంచులు వరుసగా పేర్చుతారు. యువకులు ఇంటింటికీ తిరిగి పేదల జాబితాలు రాస్తారు. ఫిత్రా సొమ్ము పండుగ నమాజుకు ముందే చేరవలసినవారికి చేరుతుంది. ఈ పనిలో మేమూ చాలా ఏళ్లుగా పాలుపంచుకొంటున్నాము. అది చూసి ప్రతి ఏటా మా మనసు నిండుతుంది. కాని పండుగ వెళ్లిపోయి, బడులు, కాలేజీలు తెరిచే రోజులు వచ్చేసరికి ఆ సంతోషం మిగలడం లేదు. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాము.

నాచారంలో మాకు తెలిసిన ఒక వితంతువు ఉన్నది. ఇళ్లలో పని చేసి పిల్లలను పోషిస్తున్నది. ఒక రమజాన్‌లో ఆమె ఇంటికి మూడు సంఘాల నుంచి మూడు రేషన్ సంచులు అందాయి. అదే సంవత్సరం ఆమె కుమార్తె ఇంటర్ పూర్తి చేసి డిగ్రీలో చేరింది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేయాలంటే ఆదాయ ధ్రువపత్రం కావాలి, బీసీ-ఇ కుల ధ్రువపత్రం కావాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ జతపడి ఉండాలి. మీసేవకు ఒక పూట, తహసీల్దారు కార్యాలయానికి ఒక పూట వెళ్తే ఆమెకు రెండు పూటల కూలి పోతుంది. అయినా వెళ్లింది. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నదని దరఖాస్తు తిరిగి వచ్చింది. రెండవసారి తిరిగే స్తోమత లేక ఊరుకొన్నది. గడువు దాటిపోయింది. సంగతి మా చెవిన పడేసరికి ఆ అమ్మాయి చదువు మాని బట్టల దుకాణంలో పనికి కుదిరింది. ఆ ఇంటికి మూడు సంచులు మోసిన మనలో ఒక్కరమూ ఆ కాగితం వెంట తిరగలేదు.

ఇది ఆ ఒక్క ఇంటి కథే అయితే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. మన సమాజంలో దానగుణానికి కొదవ లేదు. ఆకలికి అన్నం పెట్టడానికి డబ్బు దొరుకుతుంది. హక్కు కోసం కాగితం నడిపించడానికి మాత్రం డబ్బు దొరకదు. ఈ లోటును మన బస్తీల నుంచే, మన చిన్న చందాలతోనే పూడ్చుకోవాలన్నది మా అభిప్రాయం.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పని చేసి రిటైరైన మాకు ఒక విషయం అనుభవపూర్వకంగా తెలుసు. ఫైలు దానంతటది కదలదు. వెంట ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి మళ్లీ మళ్లీ రావాలి. మన ప్రాంతానికి ఈ అవసరం మరింత ఎక్కువ. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఉప్పల్ రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది. 2022 ఆగస్టులో ఆ జిల్లా కలెక్టరు కార్యాలయం శామీర్‌పేట మండలంలోని అంతాయిపల్లికి మారింది. ఉప్పల్ నుంచి అక్కడికి వెళ్లి రావడమంటే ఒక రోజు పని. పాతబస్తీలోవలె మనం ఇక్కడ ఒకే చోట గుమిగూడి లేము. రామంతాపూర్ నుంచి మల్లాపూర్ వరకు నాలుగిళ్లు ఇక్కడ, పదిళ్లు అక్కడ అన్నట్లు ఉన్నాము. ఆటో నడిపేవారు, మెకానిక్కులు, పారిశ్రామికవాడ కూలీలు రోజు కూలి వదులుకొని కార్యాలయాల చుట్టూ తిరగలేరు.

సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం నియమించిన సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. చదువులో, ఉద్యోగాల్లో, బ్యాంకు రుణాల్లో మనం ఎంత వెనుకబడి ఉన్నామో రెండూ వివరంగా చెప్పాయి. మన వేదికల మీద వాటిని ప్రస్తావించని ఉపన్యాసం లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2024-25 బడ్జెట్‌లో మైనారిటీ సంక్షేమానికి 3,003 కోట్ల రూపాయలు చూపింది. అందులో విడుదలైనది ఎంత, ఖర్చయినది ఎంత, ఉప్పల్ మండలానికి చేరినది ఎంత అని అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం మనకు ఇచ్చింది. దరఖాస్తు రుసుము పది రూపాయలు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు వేసుకోవచ్చు. పది రూపాయలు ఎవరైనా ఇస్తారు. ఆ దరఖాస్తు రాసి, రసీదు భద్రపరచి, ముప్ఫై ఒకటవ రోజున గుర్తుపెట్టుకొని అప్పీలు వేసే మనిషికి జీతం ఎవరు ఇస్తారు?

ఇక్కడ చాలామంది సోదరులు, “జకాత్ ఉన్నది కదా, దానిలోనుంచి తీయండి” అంటారు. ఈ విషయంలో జాగ్రత్త అవసరం. ఖుర్ఆన్ తౌబా సూరాలోని 60వ ఆయత్ జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. వసూలు చేసి పంచే పనివారు కూడా అందులో ఒక వర్గం. అంటే నిర్వహణకు ఖర్చవుతుందన్న సంగతిని మన ధర్మం మొదటి నుంచే గుర్తించింది. అయితే ఆ వర్గం ఈనాటి ప్రైవేటు సంఘాలకు వర్తిస్తుందా అన్న దానిపై ఉలమాలలో భేదాభిప్రాయాలు ఉన్నాయి. పైగా మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన వ్యక్తి చేతికి అతని సొంతంగా అందాలి. దీనినే తమ్లీక్ అంటారు. గది అద్దెకు, జిరాక్సు ఖర్చుకు, వకీలు ఫీజుకు జకాత్ వాడితే రేపు దాతలు ప్రశ్నిస్తారు, ప్రశ్నించడం న్యాయమే. కనుక జకాత్‌ను జకాత్ దారిలోనే పోనిద్దాము. హక్కుల పనికి వేరే పెట్టె పెడదాము. ఆ పెట్టెలోకి సదఖా, లిల్లాహ్, నెలవారీ చందాలు రావాలి.

పెద్ద దాతను పట్టుకొంటే సరిపోతుందని మరికొందరి ఆలోచన. దీనికి చరిత్రలోనే జవాబు ఉన్నది. 1866లో దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ ప్రారంభమైనప్పుడు మౌలానా ఖాసిం నానౌత్వీ దాని నిర్వహణకు ఎనిమిది సూత్రాలు రాశారు. జాగీరులాంటి స్థిరమైన ఆదాయం మీద, ధనవంతుడి వాగ్దానం మీద సంస్థ ఆధారపడరాదని, ప్రభుత్వం, ధనికుల జోక్యం హానికరమని, సామాన్యుల చందాలే దానికి బలమని వాటి సారాంశం. 1857 తరువాతి చీకటి రోజుల్లో, రాజ్యం పోయి ఆస్తులు పోయిన సమాజం పల్లెల నుంచి వచ్చే చిన్న చందాలతో ఒక విద్యాసంస్థను నిలబెట్టుకొన్నది. దేవ్‌బంద్ ఆలోచనాధారతో ఏకీభవించనివారు కూడా ఈ పాఠం నేర్చుకోవచ్చు. మన బస్తీ సంగతే చూడండి. ఎన్నికల ముందు షామియానా, కుర్చీలు, ఇఫ్తార్ విందు ఇచ్చిన నాయకుడిని ఎన్నికల తరువాత మన శ్మశానవాటిక ప్రహరీ గురించి నిలదీయడానికి ఎంతమందికి గొంతు పెగులుతుంది?

బయటి నిధులు వద్దని మేము అనడం లేదు. వాటి దారి తెలుసుకొని తీసుకోవాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలకు చేరిన కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు చేయాలి. తాను పని చేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉన్నది. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల పక్కన నివసించే మనకు ఇది పట్టని విషయం కాకూడదు. అయితే ఆ సొమ్ముతో పని చేయదలచిన సంఘానికి మూడేళ్ల అనుభవం, ఆదాయపు పన్ను శాఖలో మనం 12ఏ, 80జి అని పిలిచే నమోదులు, సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. అన్నీ ఉన్నా, కంప్యూటర్లకు, కుట్టు మిషన్లకు వచ్చే కంపెనీ డబ్బు ప్రభుత్వాన్ని ప్రశ్నించే పనికి రావడం అరుదు.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లల సంగతి కూడా చెప్పాలి. భారత పౌరసత్వం ఉన్నవారు అక్కడ సంపాదించిన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా, కెనడా పౌరసత్వం తీసుకొన్న బంధువు సంఘానికి పంపితే మాత్రం వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని సంఘం దానిని తీసుకోరాదు. 2020 సవరణ తరువాత ఒక సంఘం తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొక సంఘానికి బదిలీ చేయడం కూడా నిషిద్ధం. ఈ తేడా తెలియక మంచి మనసుతో చేసిన పని కేసుల దాకా పోవచ్చు.

సంఘం నమోదు గురించి మరొక మాట. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. ఇది చేయనందువల్లనే తగాదా వచ్చిన రోజున అసలు కార్యవర్గం ఎవరిదో తేలక సంఘాలు చీలిపోతాయి. ఆశయపత్రంలో ‘ముస్లింల కొరకు మాత్రమే’ అని రాసుకొంటే 80జి రాదు. ఒక మతంవారికే పరిమితమైన ధార్మికేతర సంస్థకు ఆ సదుపాయం లేదు. ‘బస్తీ పేదలందరికీ’ అని రాద్దాము. పన్ను కోసం మాత్రమే ఈ మాట అనడం లేదు. మన గల్లీలోనే ఉన్న దళిత సోదరుడికీ అదే తహసీల్దారు కార్యాలయం, అవే క్యూలు. అతని దరఖాస్తు కూడా మన బల్ల మీద నిండితే మన గొంతుకు అతని గొంతు తోడవుతుంది.

ఇక మా ప్రతిపాదన. ఉప్పల్, నాచారం కలిపి రెండు వందల కుటుంబాలు నెలకు వంద రూపాయల చొప్పున ఇస్తే నెలకు 20,000 రూపాయలు వస్తాయి. అందులో 12,000 మన బస్తీలోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఒక అమ్మాయికో అబ్బాయికో సగం రోజు పనికి జీతంగా ఇవ్వవచ్చు. 4,000 రూపాయలు బస్సు చార్జీలు, జిరాక్సులు, దరఖాస్తు రుసుములకు సరిపోతాయి. మిగిలిన 4,000 నిల్వ చేస్తే ఏడాదికి 48,000 అవుతుంది. వకీలు అవసరం పడిన రోజున ఎవరి గడపా తొక్కనక్కర లేదు. జూన్‌లో స్కాలర్‌షిప్పులు, ఏడాది పొడవునా పింఛన్లు, షాదీ ముబారక్, రేషన్ కార్డులు, నెలకు రెండు సమాచార హక్కు దరఖాస్తులు. పని ఇంతే. ఎంత చిన్నదైనా ఆపకుండా జరగాలి.

రెండు షరతులు లేకుండా ఇది నిలవదు. మొదటిది లెక్క. ప్రతి రూపాయికి రసీదు ఉండాలి. బ్యాంకు ఖాతా మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రతి నెలా మొదటి జుమా రోజున వచ్చినది, ఖర్చయినది, మిగిలినది ఒక కాగితం మీద రాసి మసీదు గోడకు అంటించాలి. ఎన్ని దరఖాస్తులు వేశాము, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని తిరిగి వచ్చాయి అన్నది కూడా ఆ కాగితం మీదనే ఉండాలి. లెక్క అడిగినవారిని శత్రువుగా చూసే అలవాటు మన కమిటీల్లో ఉన్నది. మేము పని చేసిన కమిటీల్లో కూడా ఉండేది, దానికి మా బాధ్యత మేము ఒప్పుకొంటున్నాము. ఇరవై ఏళ్ల నమ్మకం ఒక్క రసీదు లేని చందాతో పోవడం కళ్లారా చూశాము.

రెండవది స్త్రీల భాగస్వామ్యం. కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నది ఎక్కువగా తల్లులే, కాని కమిటీలో వారి పేరు ఉండదు. వితంతు పింఛను రాని స్త్రీ తన గోడు పదిమంది మగవారి ముందు చెప్పుకోలేదు. ఏడుగురి కార్యవర్గంలో కనీసం ముగ్గురు స్త్రీలు ఉండాలి. మసీదు వరండాకు రాలేనివారి కోసం వారానికి రెండు రోజులు ఎవరి ఇంట్లోనైనా ఆ బల్ల వేయాలి.

సోదరులారా, సోదరీమణులారా! వచ్చే రమజాన్‌లో బియ్యం సంచులు తగ్గించమని మేము కోరడం లేదు. సంచి ఇచ్చే ప్రతి ఇంట్లో ఒక ప్రశ్న కూడా అడగండి: “ఏ కాగితం ఆగిపోయింది?” జవాబును జాబితాలో రాసుకోండి. పండుగ మరునాటి నుంచి ఆ జాబితా పట్టుకొని తిరిగే మనిషి కోసం నెలకు వంద రూపాయలు తీయండి. దుస్తుల మడతల మధ్య నిలబడిన ఆ అమ్మాయికి మనం ఆలస్యమయ్యాము. ఆమె చెల్లెలు ఇప్పుడు తొమ్మిదవ తరగతి చదువుతున్నది.