ఎనిమిది తుపాకుల కీర్తి యెవరిది?

1940 ఆగస్టు 20వ తేదీన బ్రిటిషు ప్రధాని చర్చిల్ తన దేశపు వైమానికులను "కొద్దిమంది" యని పార్లమెంటులో కీర్తించెను. నాటినుండి నేటివరకు ఆ మాట మంత్రమువలె జపింపబడుచునే యున్నది. ఆకసమున ప్రాణములొడ్డిన యువకుల ధైర్యమును తగ్గించి చెప్పుట మా యుద్దేశము కాదు. హిట్లరు దండయాత్రను నిలువరించుట లోకమునకు మేలేయని మేమును ఒప్పుకొందుము. కాని ఆ యొక్క మాట చాటున, విజయమంతయు ఒక జాతి వీరరక్తమునుండియే పుట్టినదను కథ యల్లబడినది. స్పిట్‌ఫైరు, హరికేను విమానముల రెక్కలలో దాగిన ఎనిమిది మరతుపాకుల చరిత్రను విప్పి చూచినచో ఈ కథ యెంత నిజమో తేటపడగలదు.

ఆ తుపాకులు మొదట పుట్టినది రణరంగమున కాదు, లెక్కల కాగితముమీద. 1934 నాటికి బ్రిటిషు యుద్ధవిమానములకు సాధారణముగ రెండు తుపాకులే యుండెడివి. విమానముల వేగము గంటకు 300 మైళ్లను సమీపించుచుండగా, శత్రువు గురిలో నిలుచునది రెండు సెకండ్లకు మించదని తేలెను. ఆ స్వల్పకాలమున లోహపు విమానమును కూల్చుటకు ఎన్ని గుండ్లు తగులవలెను? వైమానిక మంత్రిత్వశాఖలోని కెప్టెన్ హిల్ ఈ ప్రశ్నతో ఇల్లు చేరి, పదమూడేండ్ల కూతురు హేజెల్ సాయమున లెక్కలు వేసెను. నిమిషమునకు వేయి గుండ్లు కాల్చు తుపాకులు ఎనిమిది కావలెనని వారికి తేలినది. స్క్వాడ్రన్ లీడర్ రాల్ఫ్ సోర్లీ మొదలగువారు ఆ సంఖ్యకై పట్టుపట్టిరి. ఆ బాలిక పేరు లోకమున విరివిగ వినబడినది 2020లో! ఎనుబదియారేండ్లు ఆమెను మరచిన చరిత్ర మరియెందరిని మరచియుండునో పాఠకులే యూహింతురు గాక.

ఇక తుపాకి మాట. అది ఇంగ్లీషువాని సృష్టి కాదు. అమెరికా దేశస్థుడగు జాన్ మోజెస్ బ్రౌనింగు కల్పన. బ్రిటిషువారు 1935లో అనుమతి పొంది, తమ .303 అంగుళముల తూటాకు దానిని సరిపరచుకొనిరి. దాని పని మిగుల చమత్కారమైనది. గుండు వెలువడినప్పటి యెదురుదన్నే దానికి చోదకశక్తి. ఆ దన్నుకు గొట్టమును, దాని వెనుక మూతగానుండు దిమ్మెయు కలిసి వెనుకకు జరుగును. పిమ్మట దిమ్మె విడివడి, కాలిన తొడుగును వెలికి నెట్టి, పట్టీనుండి కొత్త తూటాను లాగికొనును. స్ప్రింగు దానిని మరల ముందుకు త్రోయును. నిమిషమునకు సుమారు 1,150 పర్యాయములు ఈ వ్యాపారము సాగును. ఎనిమిదియు కలిసి రెండు సెకండ్లలో మున్నూరు గుండ్లు కురిపించును.

తుపాకులను ప్రొపెల్లరు తిరుగు మేరకు వెలుపల, రెక్కలలో నమర్చుటచే, గుండ్లు దాని యాకులకు తగులునను భయము తీరెను. కాని తుపాకి మొరాయించినచో చేయి చాచి సరిచేయు వీలు వైమానికునికి లేకపోయెను. అతడు బొత్తాము నొక్కగా, గొట్టములలోని సంపీడిత వాయువు పోయి తుపాకిని పేల్చవలెను. వేడెక్కిన గొట్టములోని కార్డైటు తూటా తనంతట తానే పేలు ప్రమాదముండగా, కాల్పు ఆగినంతనే దిమ్మె వెనుకనే నిలిచి గాలి లోనికి పోవునట్లు మార్చిరి. మహోన్నతమున చలికి తుపాకులు బిగిసిపోగా, ఇంజను వేడిగాలిని వానికి మళ్లించి, మూతులకు గుడ్డపేలికలంటించిరి. ఇవి కవులు పాడెడి కార్యములు కావు. కాని ఇవి లేకున్న ఆ "కొద్దిమంది" చేతులలో మిగులునది మూగబోయిన ఇనుపముక్కలే!

ఇంత చేసినను స్పిట్‌ఫైరున తుపాకికి 300 తూటాలు మాత్రమే. పదునైదు సెకండ్ల కాల్పుతో సరి. పిమ్మట నేలకు దిగవలెను. అచట చిన్నచిన్న మూతలు తెరచి, పట్టీలు నింపి, గొట్టములు తుడిచినవారి పేళ్లు ఏ శిలాఫలకమున నున్నవి? బ్రౌనింగు తుపాకులను తయారుచేసిన బర్మింగుహాము బి.ఎస్.ఏ. కర్మాగారముపై 1940 నవంబరు 19వ తేదీ రాత్రి బాంబులు పడి 53 మంది పనివారు మరణించిరి. వారు వీరులు కారా? ఆకసమున మరణించినవాడే వీరుడు, మరచట్రముకడ మరణించినవాడు లెక్కలోని వాడు మాత్రమేనా?

ఈ లెక్కలో మనకును పాలు కలదు. స్పిట్‌ఫైర్లు నడిపి ఆ 1940 పోరున పాల్గొన్న 152వ దళమునకు హైదరాబాదు పేరు, 234వ దళమునకు మద్రాసు రాజధాని పేరు ఊరక పెట్టలేదు. అవి ఇచటినుండి పోయిన విరాళములకు గుర్తులు. 152వ దళపు చిహ్నమున నిజాము తలపాగాను చిత్రించి, "విశ్వాసపాత్రుడగు మిత్రుడు" అను నర్థముగల వాక్యమును క్రింద వ్రాసిరి. తలపాగాకు చోటు దొరకినది. శిస్తు చెల్లించి బొక్కసము నింపిన తెలంగాణ రైతునకు దొరకలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడినప్పుడు, మన సొమ్ముతో పేరు వెలసిన స్పిట్‌ఫైరు ఒక్కటియైన మన తీరమున లేదు. ఆ యుద్ధవిమానముల దళములు భారతదేశమున నిలిచినది 1943లో. ఇచ్చునప్పుడు మనము మిత్రులము, కాపాడవలసినప్పుడు ఎవరము?

యుద్ధకాలమున ఎవరి తుపాకియైన నేమి, ఎవరి ధనమైన నేమి యని కొందరు సమాధానము చెప్పుదురు. మంచిది. అట్లయిన కీర్తి పంపకమునను అదే న్యాయము వర్తించవలెను గదా! అప్పు తెచ్చుకొనునప్పుడు లోకమంతయు ఒక కుటుంబము, పేరు చెక్కుకొనునప్పుడు ఒక్క జాతియే యనుట ఏ ధర్మము?

అమెరికావాని బుద్ధి, పదమూడేండ్ల బాలిక గణితము, బర్మింగుహాము కూలివాని ప్రాణము, భారతీయ రైతు శిస్తు, ఇవన్నియు ఆ ఎనిమిది గొట్టములలో కూరబడినవి. బొత్తాము నొక్కినది ఒక్క బొటనవ్రేలు. ఆ వ్రేలికి మేమును నమస్కరింతుము. కాని వ్రేలికి తొడిగిన ఉంగరమునే చూపి, దేహమును దాచువారి చరిత్రను మాత్రము అంగీకరింపజాలము.