గుర్రం మీద పట్టు, కుంచె మీద పట్టు

హాస్టల్‌లో చేరిన రోజు అప్లికేషన్ ఫారంలో 'తండ్రి వృత్తి' అనే గడి దగ్గర మనలో చాలామంది పెన్ను ఆగింది. చెప్పులు కుట్టే నాన్నను, డప్పు కొట్టే నాన్నను, గంపలు అల్లే అమ్మను కూడా 'కూలీ' అని ఒక్క మాటలో రాసేశాం. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. అప్పుడు రాసిన ఆ మాటనే పీజీ అడ్మిషన్ దాకా మోసుకొచ్చాం. ఈ వార్షికోత్సవ సంచికలో దాని గురించే నాలుగు మాటలు చెప్పాలని మా ప్రయత్నం. అందుకు ఒక గుర్రపు రౌతు జీవితాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం.

ఆయన పేరు ఎర్ల్ బాస్కమ్. 1906లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, వెర్నల్ అనే ఊళ్లో పుట్టాడు. పెరిగింది మాత్రం కెనడాలోని అల్బర్టాలో. ఆరేళ్ల వయసులోనే తల్లి పోయింది. చిన్నప్పటి నుంచీ పశువుల మధ్య, గుర్రాల మధ్య పనిచేశాడు. పశువులు కాసే కౌబాయ్‌ల పనిలోంచే రోడియో అనే పోటీ పుట్టింది. జీను లేకుండా ఎగిరి తన్నే గుర్రం మీద 8 సెకన్లు నిలవాలి. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, రెండో చేయి దేనికీ తగలకూడదు. ఈ పోటీలో మార్కులు సగం రౌతుకైతే సగం గుర్రానికి. ఎదురు తిరిగే గుర్రానికి కూడా గౌరవమిచ్చే ఆట అది.

ఒక్క చేత్తో పట్టుకునే ఆ పిడిపట్టీని 1924లో తయారుచేసింది బాస్కమే. అప్పటికి వయసు 18 ఏళ్లు. నూర్పిడి యంత్రం నుంచి తీసి పారేసిన రబ్బరు బెల్టు ముక్కను మడిచి, రివెట్లు కొట్టి మొదటిది చేశాడు. తర్వాత తోలుతో ఇంకా బాగా చేశాడు. తోలును ఎక్కడ మడవాలి, ఎక్కడ కుట్టాలి, ఎంత బరువుకు తెగుతుంది అన్నది ఆయనకు చేతి పనే నేర్పింది.

1933లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చిత్రకళ చదవడానికి చేరాడు. రోడియోల్లో గెలిచిన డబ్బుతో ఫీజులు కట్టుకుంటూ 1940లో పట్టా తీసుకున్నాడు. స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూస్తూ మెస్ బిల్లు లెక్కపెట్టుకునే మనకు ఆ ఏడేళ్లు ఎలా గడిచి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత చిత్రకారుడిగా, శిల్పిగా పేరు తెచ్చుకున్నాడు. లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఆయన్ను ఫెలోగా తీసుకుంది. 1995లో చనిపోయాడు.

మా దృష్టిలో అసలు విషయం ఇది. పట్టా చేతికొచ్చాక ఆయన గుర్రాల వాసన కడిగేసుకోలేదు. గుర్రాలనే, కౌబాయ్‌లనే గీశాడు, కంచులో పోతపోశాడు. గుర్రం ఎగిరే ముందు దాని వెన్ను ఎలా బిగుస్తుందో ఆయన తొడలకు తెలుసు. యూనివర్సిటీ ఆయనకు రంగులు కలపడం నేర్పింది. ఏం గీయాలో మాత్రం బతుకే నేర్పింది.

"బాగానే ఉంది, కానీ ఆయనదీ మనదీ ఒకటేనా?" అని మీరు అడగవచ్చు. ఒకటి కాదు. కౌబాయ్ పనికి ఆ సమాజం మీసం మెలేసింది. మన నాన్నల పనిని ఊరు అంటరానిదన్నది. ఆ అమెరికాలో కూడా అందరికీ ఒకే న్యాయం జరగలేదు. పాత కౌబాయ్‌లలో సుమారు నలుగురిలో ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. పరుగెత్తే గుర్రం మీంచి దూకి కోడె కొమ్ములు పట్టి పడగొట్టే విద్యకు పేరు తెచ్చిన బిల్ పికెట్ నల్లజాతి మనిషి. రంగు కారణంగా ఆయన్ను ఎన్నో పోటీల్లోకి రానివ్వలేదు. 1932లో చనిపోయిన ఆయనకు ప్రోరోడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 1989లో.

కాబట్టి "మీ కులవృత్తి మీరే చేసుకోండి" అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆ పని వదిలి రావడం మన హక్కు. అందుకే మన అమ్మానాన్నలు పస్తులుండి మనల్ని హాస్టల్‌కు పంపారు. అయితే పనిని వదలడం వేరు, అందులోని విద్యను చూసి సిగ్గుపడటం వేరు. తంగేడు చెక్కతో లందలో తోలు ఊనడం రసాయన శాస్త్రమే. కాలి కొలత కంటితో చూసి చెప్పు కోయడం రేఖాగణితమే. డప్పును మంటకు కాచి శ్రుతి చేయడం సంగీతమే. సిగ్గుపడాల్సింది ఆ పని చేసినవాళ్లు కాదు, చేయించుకుని దూరంగా నిలబెట్టినవాళ్లు.

మేమూ తప్పు చేసినవాళ్లమే. ఆదివారం సద్దిమూట పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ నాన్నను "మా ఊరాయన" అని ఫ్రెండ్స్‌కు చెప్పినవాళ్లలో మేమూ ఉన్నాం. మా ఇంట్లో మొదటి డిగ్రీ చేతికొచ్చిన రోజు ఆ మాటే గుర్తొచ్చింది. అందుకే ఇది సలహా కంటే ముందు మా ఒప్పుకోలు.

ఈ వార్షికోత్సవం నుంచే ఒక పని మొదలుపెడదాం. వేదిక మీద అతిథులతో పాటు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులను కూర్చోబెడదాం. వారి పనిముట్లు, వారు చేసిన వస్తువులు ఒక గదిలో ప్రదర్శన పెడదాం. బొమ్మలు వేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు సినిమా హీరోలతో పాటు నాన్న చేతులను కూడా గీయాలి. సైన్సు చదివేవారు ఆ లంద గురించి, ఆ డప్పు గురించి ప్రాజెక్టు రాయాలి. పూర్వ విద్యార్థులు రంగులకు, కాగితాలకు కొంత సాయం చేస్తే చాలు.

ఇకమీదట ఏ ఫారంలోనైనా ఆ గడి కనిపిస్తే పెన్ను ఆపకుండా ఉన్నది ఉన్నట్టు రాద్దాం. ఆ గడిలో రాయడానికి మన నాన్నలు చాలా పెద్ద విద్యే నేర్చుకున్నారు.