ఊరి నీటి లెక్క ఊరి గోడ మీద ఉండాలి

కోవూరు చుట్టుపట్ల మడికట్లలో నాట్లేసే ఆడకూతుర్ని అడగండి. ఏ బోరు నీళ్లు తియ్యనో, ఏవి ఉప్పనో నాలుక మీద వేసుకుని చెబుతుంది. ఏ ఏడు నుంచి ఉప్పెక్కాయి, ఎంత ఎక్కాయి అని అధికారి అడిగితే మాత్రం ఆమె దగ్గర కాగితం ఉండదు. కాగితం లేని పేదల మాట కచేరీలో చెల్లదు.

పొలం చౌడెక్కితే భూమి ఉన్నవాడు దాన్ని రొయ్యల గుంటకు కౌలుకిచ్చుకుంటాడు. కూలికేముంది? నాటు పోయె, కలుపు పోయె, కోత పోయె. అందుకే నీటి లెక్క ముందుగా కావలసింది కూలీలకే అని మేమంటున్నాం.

1990 తర్వాత నెల్లూరు తీరం పొడుగునా డబ్బున్నవాళ్లు గుంటలు తవ్వించారు. కుర్రు గ్రామంలో మత్స్యకారుల తాగునీరు ఉప్పయిపోయింది. ఆడవాళ్లు కదిలాకే ట్యాంకర్లు వచ్చాయి. సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిస్తూ, సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చరాదంది. ఆ కేసుకు బలమిచ్చినవాటిలో నాగపూరు నీరి సంస్థ తీరానికొచ్చి చూసి రాసిన నివేదికలున్నాయి. తర్వాత 2005లో పార్లమెంటు చట్టం చేసి గుంటలకు రిజిస్ట్రేషన్ దారి తెరిచింది. కష్టానికి తోడు కొలత ఉంటేనే కోర్టు వినింది. మళ్లీ కోర్టుకెక్కాలన్నా కొలత కావాల్సిందే.

కొలతలు లేవా? ఉన్నాయి. కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి 4 సార్లు పరిశీలన బావుల్లో నీటిమట్టం చూస్తుంది. రాష్ట్ర శాఖకూ కొలత బోర్లున్నాయి. కంప్యూటర్లో పెట్టాం గదా అంటారు. పూరిపాకలో కంప్యూటరేది? ఒక్క ఏడాది అంకెతో ఏమీ తేలదు. వానలు బాగా పడితే ఉప్పు తగ్గినట్టుంటుంది, కరువొస్తే పెరిగినట్టుంటుంది. ముప్పై ఏళ్ల వరస పక్కపక్కన పెడితేనే సముద్రపు నీరు లోపలికి పాకుతున్నదో లేదో తెలుస్తుంది. నడుమ పదేళ్ల పుస్తకం చెదలు తింటే మిగిలినదానికి విలువేముంది?

మనవల్ల కాదనుకోవద్దు. 2000ల దశకంలో మన పక్క ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఆడా మగా రైతులే బావుల మట్టం, వాన కొలిచి ఊరి బోర్డుల మీద రాశారు. మన జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు అక్షరం నేర్చి 1992లో సారా మీద తిరగబడ్డారు. ఆ అక్షరమే బావి లెక్క కూడా రాయగలదు.

మా కోరికలు మూడే. కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో ప్రతి కొలత బావి లెక్కనూ, మట్టమూ ఉప్పూ రెండూ, తెలుగులో పంచాయతీ గోడ మీద రాయాలి. పాత పుస్తకాలు పారెయ్యకుండా నకళ్లు తీసి ఊరికివ్వాలి. పథకం ముగిసిందని కొలత ఆపరాదు.

ఇవ్వకపోతే? 2005 సమాచార హక్కు చట్టం ఉంది, అర్జీ పెడదాం. వ్యవసాయ కార్మిక సంఘం ప్రతి శాఖా ఒక నోటుపుస్తకం తెరవాలి. తేదీ, బావి, నీటి లోతు, రుచి ఇవి చాలు. రెండు నకళ్లు, రెండు ఇళ్లలో. ఈ వేసవికే మొదలెడదాం.