పాటలకు కొదవ లేదు... వరస పెట్టే మనిషే కావాలి

అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో పాటలకు కొదవ లేదు. ఫోన్‌లో కోట్ల పాటలున్నాయి. కారెక్కగానే బ్లూటూత్ కలుస్తుంది. వంటింట్లో స్పీకర్‌ను పేరు పెట్టి పిలిస్తే చాలు, అడిగిన పాట పాడుతుంది. అయినా ఇంట్లో నలుగురూ కలిసి ఒక పాట విన్నది ఎప్పుడో చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. నాన్న చెవిలో ఇళయరాజా, అమ్మ చెవిలో అన్నమయ్య, పిల్లాడి చెవిలో ఏముందో వాడికే తెలియాలి. పాటలు పెరిగాయి, కార్యక్రమం పోయింది.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉంటున్న నేను చాలా ఏళ్లుగా పాత రాక్, సైకడెలిక్ రాక్ వినిపించే చిన్న ఇంటర్నెట్ రేడియోలు వింటున్నాను. వాటి పద్ధతి చూస్తూ వచ్చాక నా అభిప్రాయం ఇది. ఒక మనిషి కూర్చుని, ఏ పాట తర్వాత ఏ పాట రావాలో ఆలోచించి పేర్చే రేడియో ఇప్పటికీ అవసరం. దాన్ని ఉచితంగా వింటున్న మనం దానికి నాలుగు డాలర్లు ఇవ్వాలి. దాని పద్ధతిని మన తెలుగు రేడియోలు నేర్చుకోవాలి.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. ఆకాశవాణితో పెరిగిన తరానికి కార్యక్రమం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పొద్దున భక్తిరంజని, ఆపైన వార్తలు, రైతుల కోసం పాడిపంటలు, ఆదివారం పిల్లలకు బాలానందం. గోడ గడియారం చూడకుండానే ఇంట్లో వాళ్లకు వేళ తెలిసేది. మనం ఎంచుకోని పాట కూడా చెవిన పడేది. అలా పడిన పాటల్లో కొన్ని ఇప్పటికీ మనతో ఉన్నాయి.

అమెరికాలో రాక్ రేడియో కథ కూడా కొంత ఇలాంటిదే. 1960ల మధ్య దాకా ఇక్కడ పాప్ పాటలంటే ఏఎం రేడియోనే. హిట్ అయిన మూడు నిమిషాల పాటలే మళ్లీ మళ్లీ తిప్పేవారు. ఒకే యజమానికి ఏఎం, ఎఫ్ఎం రెండూ ఉంటే ఏఎంలో వచ్చిందే ఎఫ్ఎంలోనూ వేసేవారు. పెద్ద ఊళ్లలో అలా రోజంతా వేయకూడదని ప్రభుత్వ కమిషన్ పెట్టిన నిబంధన 1967 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో ఎఫ్ఎంలో కొత్త కార్యక్రమాలకు చోటు దొరికింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేఎంపీఎక్స్ అనే ఎఫ్ఎం స్టేషన్‌లో టామ్ డోనహ్యూ రాత్రి కార్యక్రమం మొదలుపెట్టాడు. అప్పటిదాకా అది ఎక్కువగా వలస వచ్చినవాళ్ల భాషల కార్యక్రమాలకు టైము అద్దెకిచ్చే స్టేషన్. ప్రవాస భాషలకు చోటిచ్చిన స్టేషన్‌లోనే ఈ కొత్త పద్ధతి వేళ్లూనుకోవడం నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

డోనహ్యూ చేసిన పని చూడటానికి చిన్నదే. హిట్ల జాబితా పక్కన పెట్టి, ఆల్బమ్‌లోని ఏ పాటనైనా, ఎంత పొడవున్నా, తనకు తోచిన వరసలో వేశాడు. ఆ రోజుల సైకడెలిక్ బ్యాండ్లకు కావలసింది సరిగ్గా అదే. ఐరన్ బటర్‌ఫ్లై 1968లో విడుదల చేసిన ఒక పాట ఆల్బమ్‌లో 17 నిమిషాలు. ఏఎం కోసం దాన్ని 3 నిమిషాలకు కత్తిరించాల్సి వచ్చింది. గ్రేట్‌ఫుల్ డెడ్ 1969 లైవ్ ఆల్బమ్‌లోని 'డార్క్ స్టార్' 23 నిమిషాలు. పింక్ ఫ్లాయిడ్ 1971లో చేసిన 'ఎకోస్' ఎల్పీ రికార్డులో ఒక వైపు మొత్తం పట్టింది. కచేరీలో విద్వాంసుడు అరగంట రాగం పాడితే తల ఊపే మనకు ఈ పొడవు అర్థం కానిది కాదు.

మంచి రాక్ రేడియో రోజు మొత్తాన్ని ఒక కచేరీలా నడుపుతుంది. పొద్దున ఆఫీసులకు వెళ్లే వేళ తెలిసిన పాటలు, చురుకైన నడక. మధ్యాహ్నం అదే బ్యాండ్ల పాటల్లో అంతగా ప్రచారం లేనివి. సాయంత్రం ఒక కళాకారుడి మీదో, ఒక సంవత్సరం మీదో దృష్టి. రాత్రి పొద్దుపోయాక పొడవాటి సైకడెలిక్ పాటలు. నాలుగైదు పాటలు గుదిగుచ్చి, మధ్యలో మాట్లాడకుండా, ఒకదాని చివరి స్వరం మీద ఇంకోటి అందుకునేలా వేస్తారు. ఆ తర్వాతే ప్రయోక్త వచ్చి ఏం విన్నామో, ఎవరు వాయించారో చెబుతాడు. వర్ణంతో మొదలై, చిన్న కృతుల మీదుగా ప్రధాన రాగానికి చేరి, తుక్కడాలతో దిగి, మంగళంతో ముగిసే పద్ధతి తెలిసిన చెవికి ఇందులోని నేర్పు వెంటనే పట్టుబడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. నాకు గంట టైమిస్తే 1966లో బీటిల్స్ చేసిన 'టుమారో నెవర్ నోస్'తో మొదలుపెడతాను. దాని అడుగున తంబురా శ్రుతి నడుస్తూ ఉంటుంది. ఆ తర్వాత అదే ఏడాది వచ్చిన బర్డ్స్ బ్యాండ్ పాట 'ఎయిట్ మైల్స్ హై'. దాని మీద పండిట్ రవిశంకర్ ప్రభావం ఉంది. అక్కడి నుంచి పీటర్ గేబ్రియల్ గొంతున్న జెనెసిస్ పాట ఒకటి. ఈ గేబ్రియల్ తర్వాత రియల్ వరల్డ్ అనే రికార్డు సంస్థ పెట్టాడు. ఆ సంస్థ 1995లో 'డ్రీమ్' అనే ఆల్బమ్ తెచ్చింది. అందులో మైఖేల్ బ్రూక్‌తో కలిసి మాండొలిన్ వాయించింది మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్. లండన్ నుంచి పాలకొల్లు దాకా నాలుగు మెట్లు. నా అనుభవంలో ఫోన్‌లోని యాప్ శ్రీనివాస్‌ను కర్ణాటక వాద్య సంగీతం గదిలోనే ఉంచుతుంది, గేబ్రియల్‌ను పాత రాక్ గదిలోనే ఉంచుతుంది. మధ్య తలుపు తీయడానికి ఒక మనిషి కావాలి.

అలాంటి మనుషుల పని ఎంత ఇరుకులో సాగుతుందో వినేవాళ్లలో చాలామందికి తెలియదు. అమెరికా చట్టం ప్రకారం సాధారణ లైసెన్సుతో నడిచే ఇంటర్నెట్ రేడియో 3 గంటల్లో ఒకే ఆల్బమ్ నుంచి 3 పాటలకు మించి వేయకూడదు. అందులోనూ వరసగా 2 మాత్రమే. ఒకే కళాకారుడివి 4 పాటలకు మించకూడదు, వరసగా 3 మాత్రమే. రాబోయే పాటల జాబితా ముందుగా ప్రకటించకూడదు. అంటే ఐదు పాటలున్న ఆల్బమ్‌లో ఒక వైపు మొత్తం వినిపించాలన్నా హక్కుదారుల నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. ఇన్ని గీతల మధ్య 24 గంటలూ విసుగు రాకుండా వరస పేర్చడం తేలిక కాదు.

డబ్బు లెక్క ఇంకా కఠినం. ఇక్కడి ఏఎం, ఎఫ్ఎం స్టేషన్లు గాలిలో ప్రసారం చేసే పాటకు రచయితకు, స్వరకర్తకు చెల్లిస్తాయి. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు చెల్లించనక్కర్లేదు. ఇంటర్నెట్ రేడియో మాత్రం ఇద్దరికీ చెల్లించాలి. పాడినవాళ్ల పక్షాన వసూలు చేసే రుసుము ఒక్కో పాటకు, ఒక్కో శ్రోతకు విడివిడిగా లెక్క. వాణిజ్య లైసెన్సు రేటు ఈ మధ్య సెంటులో పావు వంతుకు కాస్త అటూఇటూగా ఉంది. వినడానికి ఎంతో తక్కువ. కానీ ఏ వేళ చూసినా 1000 మంది వింటూ, గంటకు 15 పాటలు పడుతుంటే రోజుకు 900 డాలర్లు. ఏడాదికి 3 లక్షల డాలర్లు దాటుతుంది. చిన్న రేడియోలకు, లాభాపేక్ష లేనివాటికి కొన్ని వెసులుబాట్లున్నాయి గానీ సూత్రం మారదు. ఎఫ్ఎం టవరుకు శ్రోతలు పెరిగితే ఖర్చు పెరగదు. ఇక్కడ వినేవాళ్లు పెరిగినకొద్దీ బిల్లూ పెరుగుతుంది.

నేను ఆ రుసుమును తప్పుపట్టను. అందులో 45 శాతం ప్రధాన కళాకారులకు, 5 శాతం వెనక వాయించినవాళ్లకు, పాడినవాళ్లకు చేరుతుంది. 1972 ఫిబ్రవరికి ముందు రికార్డయిన పాటలకు 2018 చట్టం వచ్చేదాకా ఫెడరల్ రక్షణే లేదు. సైకడెలిక్ రాక్‌లో పేరున్న పాటల్లో ఎక్కువ ఆ గడువుకు ముందువే. ఇప్పుడు డెబ్భై, ఎనభై దాటిన ఆ వాద్యగాళ్లకు ముట్టాల్సింది ముట్టాలి. ఆ భారం ఎవరు మోయాలన్నదే ప్రశ్న. ప్రకటనలు వద్దంటాం, చందా కట్టమంటాం, రేడియో మాత్రం ఆగకూడదంటాం. ఈ మూడూ కలిసి కుదరవు.

కుదరనప్పుడు ఏమవుతుందో చూశాం. 2002లో రుసుముల దెబ్బకు శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన సోమాఎఫ్ఎం కొన్ని నెలలు మూతపడింది. చిన్న రేడియోల కోసం చట్టం వచ్చాకే మళ్లీ మొదలైంది. 2007లో రేట్లు పెంచినప్పుడు జూన్ 26న ఎన్నో ఇంటర్నెట్ రేడియోలు ఒక రోజు మౌనం పాటించాయి. ఇప్పుడు సోమాఎఫ్ఎంకు డెబ్భైల నాటి ఆల్బమ్ రాక్ సహా 30కి పైగా చానళ్లున్నాయి. కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ అనే ఊళ్లో బిల్, రెబెక్కా గోల్డ్‌స్మిత్ దంపతులు 2000లో మొదలుపెట్టిన రేడియో ప్యారడైజ్ కూడా ప్రకటనలు లేకుండా నడుస్తోంది. రెంటినీ నిలబెట్టింది శ్రోతల చందాలే. బ్రిటన్‌లోని మనవాళ్లకు రేడియో కరోలైన్ పేరు తెలిసే ఉంటుంది. 1964లో సముద్రంలో ఓడ మీద మొదలైన ఆ రేడియో ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఆల్బమ్ రాక్ వినిపిస్తోంది.

ఈ మాటలు మా మిత్రుల దగ్గర అంటే ఒకాయన నిష్ఠూరంగా అన్నాడు: "అన్నా, ఆ మత్తుమందు పాటలు పిల్లలున్న ఇంట్లో పెడతావేంటి?" ఆయన భయం అర్థం లేనిది కాదు. ఆ సంగీతానికీ ఎల్ఎస్‌డీకీ ఉన్న సంబంధం దాస్తే దాగదు. ఆ మందు మీద కాలిఫోర్నియా నిషేధం పెట్టింది 1966 అక్టోబరులో. జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్ 1970లో, జిమ్ మోరిసన్ 1971లో పోయారు. ముగ్గురికీ 27 ఏళ్లే. అయితే ఈ పాటలు పిల్లల ఫోన్‌లో ఇప్పటికే ఉన్నాయి. అక్కడ వాటి వెనకున్న కథ చెప్పే గొంతు లేదు. రేడియోలో పాట అయ్యాక ఆ కుర్రాడు ఎన్నేళ్లు బతికాడో చెప్పే మనిషి ఉంటాడు. 1967లో మాంటెరీ పండుగలో సితార్ వాయించి మెప్పించిన పండిట్ రవిశంకరే తన సంగీతాన్ని మత్తుతో ముడిపెట్టడాన్ని బాహాటంగా వ్యతిరేకించారని చెప్పే మనిషి ఉంటాడు. పిల్లలతో ఈ విషయం ఎలా ఎత్తాలో తెలియక సతమతమయ్యే తల్లిదండ్రులకు అంతకంటే మంచి సందు ఎక్కడ దొరుకుతుంది?

ఇంకొందరు, మన పాటలు మనకుండగా ఈ రాక్ గొడవ ఎందుకంటారు. మన పాటల కోసమే ఈ మాట. ఇక్కడ స్వచ్ఛందంగా తెలుగు నెట్ రేడియోలు నడిపినవాళ్లున్నారు, నడుపుతున్నవాళ్లున్నారు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు మైకు ముందు కూర్చునే ఆ ఓపికకు దండం పెట్టాలి. కానీ వాటిలో నేను విన్నంత వరకు ఎక్కువ టైము కొత్త హిట్లకూ, పుట్టినరోజు శుభాకాంక్షలకూ పోతోంది. ఆ హిట్లు ఫోన్‌లోనూ దొరుకుతాయి. కాబట్టి జనం అక్కడికే పోతారు.

అదే వారానికి ఒక గంట వేరేగా పేర్చి చూడండి. 1951 నాటి 'మల్లీశ్వరి'లో సాలూరి రాజేశ్వరరావు, 1959 'జయభేరి'లో పెండ్యాల, 'శంకరాభరణం'లో కె.వి. మహదేవన్, 1983 'సాగర సంగమం'లో ఇళయరాజా. కళాకారుల జీవితం చెప్పిన నాలుగు సినిమాలు, నలుగురు సంగీత దర్శకులు. శాస్త్రీయ సంగీతాన్ని సినిమా పాటలోకి ఎవరెలా దింపారో పాటకూ పాటకూ మధ్య రెండు మాటలు చెబితే చాలు. అమ్మమ్మ, మనవరాలు ఒకే గదిలో వినగలిగే గంట అది. అలాంటి గంట ఏ యాప్ కూడా మనకు తయారుచేసి ఇవ్వలేదు.

ఇందుకు పెద్ద సభలూ తీర్మానాలూ అక్కర్లేదు. మీకు నచ్చిన ఒక చిన్న రేడియోను ఎంచుకోండి. అది రాక్ కావచ్చు, తెలుగు కావచ్చు. రోజూ ఒకే వేళకు, వంట చేసేటప్పుడో రాత్రి భోజనం దగ్గరో, ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టి అందరికీ వినపడేలా పెట్టండి. నచ్చని పాట వచ్చినా మార్చకండి. నెలకు ఒక కాఫీ, ఒక దోసె ఖర్చంత పంపండి. తెలుగు సంఘాలవాళ్లు సంక్రాంతికీ ఉగాదికీ తారల్ని రప్పించడానికి పెట్టే ఖర్చులో చిన్న భాగం స్థానిక తెలుగు రేడియో లైసెన్సుకు, ఒక మంచి ప్రయోక్త శ్రమకు కేటాయించాలి. హైస్కూలు పిల్లలకు నెలకొక గంట అప్పగించి, పాటలు వాళ్లనే పేర్చమనండి. ఏ పాట తర్వాత ఏది, ఎందుకు అన్న ప్రశ్నకు వాళ్లు తెలుగులో రెండు ముక్కలు చెప్పాల్సి వస్తే, మన ఆదివారం తెలుగు బడికి అంతకంటే మంచి హోంవర్కు ఉండదు.