లైటు వెలిగితే పార్టు మార్చడమేనా?

ఈసారి పోస్టు మిర్చి గురించి కాదు, కారు గురించి. చివరికి మిర్చి దగ్గరికే వస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నాది సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు, 2014 మోడల్. యార్డుకైనా, ఆస్పత్రికైనా, పెళ్లికైనా అదే దిక్కు. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు గుంటూరు యార్డు నుంచి తిరిగొస్తుంటే మీటర్ల దగ్గర పసుపు రంగు ఇంజన్ బొమ్మ లైటు వెలిగింది. అప్పటినుంచి బండి లాగడం మానేసింది. యాక్సిలేటర్ మొత్తం తొక్కినా అరవై దాటదు. ఫ్లైఓవర్ ఎక్కడానికి రెండో గేరు వెయ్యాల్సొచ్చింది. పక్కన మా ఆవిడ, వెనక మా అమ్మ. ఎలాగో ఇల్లు చేరాం.

మర్నాడు టౌన్‌లో షెడ్డుకి తీసుకెళ్లాను. కుర్రాడు బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి విన్నాడు. "బాబాయ్, టర్బో పోయింది. రిపేర్ చేసింది వేస్తే 38 వేలు అవుద్ది" అన్నాడు. ఐదు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది. 38 వేలంటే రెండో కోత కూలీలకని నేను పక్కన పెట్టిన డబ్బు. బండి లేకపోతే కుదరదు, కూలీలకి ఇవ్వకపోతే కాయ చెట్టునే ఎండిపోద్ది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా బావమరిది కొడుకు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదివాడు. ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి మాట, "మామయ్యా, కోడ్ ఏమొచ్చింది?" కోడ్ ఏంట్రా అన్నాను. ఆదివారం వచ్చి చూపించాడు.

స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో ఈ పద్ధతి తప్పనిసరి. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన బ్లూటూత్ పరికరం దానికి గుచ్చి, ఫోన్‌లో చూశాడు. పీ 0299 అని వచ్చింది.

దాని అర్థం "టర్బో పోయింది" అని కాదు. "నేను అడిగినంత గాలి ఒత్తిడి ఇంజన్‌కి రావడం లేదు" అని కంప్యూటర్ చెబుతోంది, అంతే. ఎందుకు రావడం లేదో మనిషే వెతకాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవచ్చు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే లావు గొట్టం చిట్లొచ్చు, దాని క్లిప్పు వదులు కావచ్చు. టర్బోని నడిపే వాక్యూమ్ పైపు ఊడిపోవచ్చు. సెన్సర్‌కి మసి పట్టొచ్చు. నిజంగా టర్బోనే అరిగిపోయి ఉండొచ్చు కూడా. ఖర్చు తక్కువైన దాంతో మొదలుపెట్టి పెద్ద దాని దగ్గరికి పోవాలి గానీ, పెద్ద దానితో మొదలుపెట్టకూడదు అన్నాడు మావాడు.

ఫిల్టర్ బాగానే ఉంది. లావు గొట్టం మీద ఆయిల్ చెమ్మ లేదు, అంటే చిట్లలేదు. తర్వాత టార్చి వేసి కిందకి చూసి నవ్వాడు. పెన్సిలంత లావు కూడా లేని రబ్బరు పైపు సగం కొరికేసి ఉంది. ఎలుక! మొక్కజొన్న బస్తాల పక్కన బండి పెట్టింది నేనే. ఆ పైపు ముక్క ఖరీదు 150 రూపాయలు. అది వేసి, కోడ్ చెరిపేసి, నలుగురం ఎక్కి కొండ రోడ్డు మీద తిప్పాం. లైటు మళ్లీ రాలేదు.

నేను నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను. ఎరుపు లైటు, ముఖ్యంగా ఆయిల్ డబ్బా బొమ్మది గానీ వేడిది గానీ వెలిగితే పక్కకి ఆపి ఇంజన్ కట్టెయ్యండి, ఇంకో కిలోమీటరు కూడా పోవద్దు. పసుపు ఇంజన్ లైటైతే నెమ్మదిగా ఇల్లు చేరి, ఆలస్యం చెయ్యకుండా కోడ్ చూపించండి. చెరిపేసే ముందు కోడ్ కాగితం మీద రాసుకోండి. కొందరు బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పుతారు. దాంతో లైటు పోద్ది గానీ జబ్బు పోదు, పైగా ఆధారం కూడా పోద్ది. ఇక 2020 తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ గొట్టానికి మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే అది నిండిపోతుంది. దాని లైటు వెలిగినప్పుడు హైవే మీద కాసేపు ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు తనంతట తనే కాల్చుకుంటుంది. పట్టించుకోకపోతే పెద్ద ఖర్చే.

ఇప్పుడు అసలు మాట. ఆ షెడ్డు కుర్రాణ్ణి దొంగ అనను. వాడు గంటసేపు వెతికి 150 రూపాయల పైపు వేసి, చూసినందుకు 500 ఇమ్మంటే మనం ఇస్తామా? "పైపు ముక్కకి 500 ఏందిరా" అని గొడవ పెట్టుకుంటాం. అదే పార్టు మార్చి 38 వేలు అంటే, నోరు మూసుకుని అప్పు చేసైనా ఇస్తాం. వెతికినందుకు కూలి లేదు, మార్చినందుకే కూలి ఉంది. అలాంటప్పుడు వాడు మార్చకేం చేస్తాడు? ఈ అలవాటు వాడికి నేర్పింది మనమే.

మిర్చి దగ్గరికి వస్తానన్నాను కదా. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఇది మన తాతలకీ తెలుసు. అయినా మనం చేసేదేంటి? ఒక ఆకు తెంపుకుని మందుల కొట్టుకి పోతాం. చూసినందుకు అతనికి పైసా రాదు, సీసా అమ్మితేనే వస్తుంది. అందుకని నాలుగు సీసాలు కలిపి ఇస్తాడు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు నేను చేసింది అదే. పూత విదిలించి అందులో ఏముందో కళ్లతో చూసుకోకుండా, చేతికిచ్చిన మందల్లా కొట్టాను. డబ్బూ పోయింది, పూతా పోయింది. ఆ ముడత కూడా లైటే. అది సంగతి చెప్పింది, నేను వినకుండా సీసాలు కొన్నాను.

అందుకే నా అభిప్రాయం ఒక్కటే. బండికైనా పంటకైనా, చూసి కారణం చెప్పినవాడికి విడిగా డబ్బులివ్వడం మనం నేర్చుకోవాలి. ఇక నుంచి షెడ్డుకి పోతే నేను ముందే చెబుతాను: "బాబూ, ఏం మార్చినా మార్చకపోయినా చూసినందుకు 500 ఇస్తాను. ఏ కోడ్ వచ్చిందో చూపించు, ఏమేం చూశావో చెప్పు, ఆ తర్వాత పార్టు సంగతి." అలా అడిగితే పది మందిలో ఒకడు విసుక్కుంటాడేమో. మిగతావాళ్లు కుదురుగా చూస్తారని నా నమ్మకం.

బండి ఇప్పుడు బస్తాలకి దూరంగా, వేపచెట్టు కింద పెడుతున్నాను. రెండో కోత కూలీలకి డబ్బు చేతికి అందింది. ఉంటాను.