వేరు చూడందే జామ మొక్క కొనొద్దు

జామ రైతులకు, నర్సరీ యజమానులకు, ఉద్యాన శాఖ అధికారులకు విజ్ఞప్తి



తైవాన్ జామ వేస్తే ఏడాది తిరక్కుండానే కాపు చూడొచ్చనే ఆశతో చాలామందిమి అప్పు చేసి మరీ తోటలు పెట్టాం. కొన్ని తోటల్లో రెండో ఏడు వచ్చేసరికి ఆకులు పసుపెక్కి రాగిరంగుకు తిరుగుతున్నాయి. మిట్టమధ్యాహ్నం చెట్టు వాడిపోయి, చల్లబడ్డాక తేరుకుంటోంది. కాయ ఊరడం లేదు. మందుల దుకాణంలో చెబితే జింకు లోపమనో, ఇనుము లోపమనో డబ్బాలు చేతిలో పెడుతున్నారు. అవి కొట్టేముందు ఒక్క పని చేయండి. డ్రిప్పు నీరు పడేచోట జానెడు లోతు తవ్వి, పిల్లవేళ్లను మట్టితో సహా పైకి తీసి, బకెట్ నీళ్లలో ఆడించి చూడండి. వేరు అల్లంకొమ్ములా బుడిపెలు కట్టి ఉంటే అసలు దొంగ నులిపురుగు.

వేరుశనగ, మినుము వేళ్లకూ బుడిపెలుంటాయి కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటున్నారు. అవి మేలుచేసే బాక్టీరియా బుడిపెలు. వేరు పక్కన అంటుకుని ఉంటాయి, గోటితో గిల్లితే ఊడి వస్తాయి. జామ వేరు మీదివి ఊడవు. అక్కడ వేరు తానే ఉబ్బిపోయి ఉంటుంది.

పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరుకు మించదు. వేరు కొసలోంచి దూరి, ఒకచోట స్థిరపడి, చుట్టూ ఉన్న కణాలను ఉబ్బించి, చెట్టుకు పోవాల్సిన ఆహారం తాను పీలుస్తుంది. మన వేడి నేలల్లో ఇంచుమించు నెలకో తరం పూర్తవుతుంది. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. దెబ్బతిన్న ఆ వేళ్లకు ఫ్యుజేరియం శిలీంద్రం తోడైతే చెట్టు నిలువునా ఎండిపోతుంది.

జామకు ఎక్కువ చేటు చేస్తున్న జాతి పేరు మెలాయిడోగైనీ ఎంటెరోలోబి. 1983లో చైనాలోని హైనాన్ దీవి నుంచి దీన్ని కొత్త జాతిగా గుర్తించి పేరు పెట్టారు. తమిళనాడు జామ తోటల్లో ఉందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నులిపురుగును తట్టుకుంటాయని పేరున్న టమాటా రకాలు కూడా దీని ముందు ఆగవు. జామ సాళ్ల మధ్య టమాటా, వంగ, మిరప, బెండ వేసేవాళ్లు ఈ మాట మరవకూడదు.

ఏడాదంతా పాకినా మీటరు దూరం దాటడం కష్టమైన ఈ పురుగు మన ఊళ్లదాకా ఎలా వచ్చింది? నర్సరీ సంచి మట్టిలో, ఆ మట్టిలోని వేళ్లలో లారీ ఎక్కి వచ్చింది. పురుగున్న మొక్కలు ఎకరాకు వెయ్యి నాటామంటే దాన్ని వెయ్యిచోట్ల మన చేత్తో మనమే పాతిపెట్టినట్టు. ఆ తర్వాత ఎంత ఖర్చు పెట్టినా తగ్గించగలమే తప్ప తుడిచిపెట్టలేం. ఇక మందుల మాటకొస్తే, ఫోరేట్ గుళికలను కేంద్రం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. ఎవరైనా ఇంకా అమ్మజూపితే తీసుకోవద్దు. జామను తొక్కతోనే తింటారు, పిల్లలు మరీ ఎక్కువ తింటారు.

అందుకే మా డిమాండు నర్సరీ దగ్గరే మొదలవుతుంది. ఉద్యాన నర్సరీల నమోదుకు, నియంత్రణకు 2010 నాటి చట్టం ఉంది. జామ అంట్లు అమ్మే ప్రతి నర్సరీ ఏటా మట్టికి, వేళ్లకు నులిపురుగు పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని గేటు దగ్గర బోర్డు మీద పెట్టేలా ప్రభుత్వం ఆదేశించాలి. జిల్లాకొక చోటయినా ఆ పరీక్ష జరగాలి. భూసార పరీక్షకు ఆరబెట్టినట్టు ఈ మట్టిని ఆరబెడితే పురుగు చచ్చిపోయి ఫలితం తప్పుతుంది. తడి ఆరకముందే వేళ్లతో సహా కవర్లో కట్టి పంపాలని రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో చెప్పేవాళ్లుండాలి. బ్రెజిల్‌లో ఎంబ్రాపా అనే వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ పురుగును తట్టుకునే జామ వేరుమూలాన్ని రైతులకిచ్చింది. అలాంటిది మన చేతికీ రావాలి.

నర్సరీ యజమానులారా, ఇది మీ మీద పోరాటం కాదు. సంచులు నేల మీద పేర్చితే అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు కింది మట్టిలోకి దిగుతాయి, పురుగు అక్కడే ఎక్కుతుంది. సంచుల కింద మందపాటి షీటు పరవండి. సంచుల్లో నింపే మట్టిని వేసవిలో తడిపి, పారదర్శక పాలిథీన్ కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండకు వదలండి. కడియం మొక్కలు దేశమంతా వెళ్తున్నాయి. పరీక్ష చేసిన మొక్క అనే ముద్ర పడితే ఆ పేరు ఇంకా పెరుగుతుంది. పది రూపాయలు ఎక్కువైనా మేం ఇస్తాం.

తోటలో ఇప్పటికే పురుగున్నవాళ్లు చెట్లు పీకేయనక్కర్లేదు. టన్ను మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా, పర్పురియోసిల్లియం అనే మేలుచేసే శిలీంద్రాలు చెరో రెండు కిలోలు కలిపి, నీడలో తడి ఆరకుండా పదిహేను రోజులు ఉంచి, వేపపిండితో పాటు పాదుల్లో వేయండి. ఏడాదికి ఒక్కసారి వేసి ఊరుకుంటే చాలదు. సాళ్ల మధ్య కూరగాయలు మాని బంతి గానీ జనుము గానీ వేయండి. ఆ తోటలో తిరిగిన గొర్రును, పారను కడగకుండా మరో చేలోకి తీసుకెళ్లొద్దు.

మృగశిర కార్తెకు మొక్కలు కొనబోయేవాళ్లకు చివరి మాట. లోడు ఎత్తకముందే, మీరు ఏరిన నాలుగైదు మొక్కల సంచులు అక్కడే కోయించి, వేళ్లు కడిగి చూడండి. వాటి డబ్బు మీరే కట్టండి. కోయనివ్వమంటే ఆ మొక్కలు అక్కడే వదిలేసి రండి.

ఇట్లు
మీ తోటి జామ రైతులు