కెమెరా ఎవరి చేతిలో ఉండాలి?

ఈ వార్షికోత్సవానికి హాస్టల్‌కు ఒక యాక్షన్ కెమెరా కొనిస్తామని మన పూర్వ విద్యార్థులు ముందుకొచ్చారు. సంతోషం. "అంత ఖరీదైన వస్తువు మనకెందుకు, ఆ డబ్బుతో పుస్తకాలు కొనొచ్చు కదా" అని కొందరు మిత్రులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. దీనిపై మా అభిప్రాయం చెబుతాం.

అమెరికాకు చెందిన నిక్ వుడ్‌మన్‌కు సముద్రపు అలల మీద పలకతో జారే సర్ఫింగ్ ఆటంటే ఇష్టం. ఒడ్డున నిలబడ్డవాడు ఫోటో తీస్తే అలల్లోని మనిషి చీమంత కనిపిస్తాడు. ఆడేవాడే ఫోటో తీసుకోగలగాలని అతను 2002లో గోప్రో సంస్థను మొదలుపెట్టాడు. 2004లో వచ్చిన వాళ్ల మొదటి కెమెరా మణికట్టుకు కట్టుకునే 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరా. 2006లో వచ్చిన డిజిటల్ కెమెరా 10 సెకన్ల వీడియో మాత్రమే తీసేది. అక్కడి నుంచి ఎదిగింది.

2015 జూలైలో ఆ సంస్థ హీరో4 సెషన్ అనే కెమెరాను తెచ్చింది. ఒక్కో వైపు 4 సెంటీమీటర్లు కూడా లేని చదరపు పెట్టె, బరువు 74 గ్రాములు. పైన ఒకే బటన్. నొక్కితే కెమెరా ఆన్ అయి వీడియో మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. వేరే తొడుగు లేకుండానే 10 మీటర్ల లోతు నీటిలో పనిచేస్తుంది. లోపాలూ ఉన్నాయి. బొమ్మ చూసుకునే తెర లేదు, ఫోన్‌లో చూసుకోవాలి. బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, చార్జింగు అయిపోతే వేరేది వేసుకునే వీలు లేదు.

దాని ధర కథ మనం తెలుసుకోదగ్గది. మొదట 399 డాలర్లు, అంటే అప్పటి లెక్కన సుమారు 25 వేల రూపాయలు. కొనేవాళ్లు వెనకాడారు. సెప్టెంబరులో 299, డిసెంబరులో 199 డాలర్లు చేశారు. ఐదు నెలల్లో ధర సగమైంది, కెమెరాలో మాత్రం ఒక్క మర కూడా మారలేదు. కాబట్టి కొత్తది రాగానే కొనలేకపోయామని మనం చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆగి కొనేవాడు తెలివితక్కువవాడు కాదు.

ఇక అసలు విషయం. ఇన్నాళ్లూ మన ఫోటోలు ఎవరు తీశారు? దుప్పట్లు పంచినప్పుడు, పళ్లాలు ఇచ్చినప్పుడు వచ్చినవాళ్లు తీశారు. ఆ ఫోటోల్లో మనం ఎప్పుడూ చేతులు చాచే ఉంటాం. తెల్లవారుజామున చలిలో బోరింగు దగ్గర చేసిన స్నానాలు, కరెంటు పోయినా సాగిన స్టడీ అవర్లు, అన్నం బాగాలేదని అందరం కలిసి అడిగిన రోజు ఏ ఫోటోలోనూ లేవు. ఒడ్డున నిలబడి తీసినవాళ్లకు మనమూ చీమల్లాగే కనిపించాం.

2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. శిఖరం మీద పూర్ణ ఫోటో చూసిన రోజు మన పిల్లల్లో కలిగిన ధైర్యం వంద ఉపన్యాసాలతో రాదు. ఫోటోకు అంత బలముంది.

అందుకే కెమెరా కొనాలనే మా అభిప్రాయం. అయితే మూడు మాటలు. సరికొత్త మోడల్ కోసం డబ్బు తగలేయకుండా, ధర తగ్గిన పాత మోడల్ చూడాలి. బ్యాటరీ మార్చుకునే వీలుండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అది ఆఫీసు గది బీరువాలోకి వెళ్లకూడదు. కానుకగా వచ్చిన వస్తువులు పాడవుతాయనే భయంతో తాళం వెనకే పాతబడడం మనమంతా చూసిందే. రిజిస్టరులో సంతకం పెట్టించుకుని వారానికొక గది పిల్లలకు ఇవ్వాలి. గీతలు పడితే పడనివ్వండి, అది దెబ్బలు తట్టుకోవడానికే పుట్టిన కెమెరా.

అలా చేయలేమంటే ఆ డబ్బుతో పుస్తకాలే కొందాం. తాళం వేసిన కెమెరా కన్నా చేతిలో ఉన్న పుస్తకం మేలు.